కప్పు కారేది అతుకు దగ్గరే

ఇంటి పైకప్పు ఎక్కడ కారుతుంది? ఎవరినడిగినా "చిల్లు పడ్డచోట" అంటారు. మరి చిల్లు ఎక్కడ పడుతుంది? కాస్త ఆలోచించి చూడండి. చాలా కప్పుల్లో చిల్లులు కొత్తగా పడవు. అవి మొదటినుంచీ ఉంటాయి. వాటిని పెట్టింది మనమే. పొగ పోవటానికి ఒకటి, గాలి రావటానికి ఒకటి, గొట్టం దూర్చటానికి ఒకటి, మేకు దిగ్గొట్టటానికి ఒకటి. పెట్టిన ప్రతి చిల్లు చుట్టూ ఏదో ఒకటి పూసి అతుకు వేస్తాం. ఆ అతుకు గట్టిగా ఉన్నంతకాలం చిల్లు సంగతి ఎవరికీ గుర్తుండదు. అతుకు వదిలిననాడు వాన దాన్ని గుర్తుచేస్తుంది.

ఏ వస్తువైనా ఎంతకాలం మన్నుతుందనేది దాని అతుకులమీద ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం. ఆ అతుకుల్ని కనిపెట్టి ఉండి, వేళకు సరిచేయటం కూడా విజ్ఞానశాస్త్రమే. కొత్త వస్తువును కనిపెట్టటం కంటె అదేమీ తక్కువ పని కాదు. ఈ మాట నిరూపించటానికి నేను ఎన్నుకున్న వస్తువు మన ఊళ్ళలో కనిపించదు. కాని దాని వెనక ఉన్న సూత్రాలు మీ సైకిలు ట్యూబులోనూ ఉన్నాయి, మీ వంటింటి కుక్కరులోనూ ఉన్నాయి.

చక్రాల మీద ఇల్లు

అమెరికాలో ట్రావెల్ ట్రెయిలర్ అనే వాహనం ఉంది. మన పల్లెల్లో ట్రాక్టరు వెనక ట్రక్కు తగిలించినట్టే, అక్కడివాళ్ళు కారు వెనక చక్రాలున్న ఇంటిని తగిలించుకుని పోతారు. అందులో మంచాలు, పొయ్యి, నీళ్ళ తొట్టి, మరుగుదొడ్డి అన్నీ ఉంటాయి. 1930ల నాటికే ఇవి అక్కడి రోడ్లమీద బాగా కనిపించసాగాయి. వెండిలా మెరిసే ఎయిర్‌స్ట్రీమ్ ట్రెయిలర్లు ఆ దశకంలో పుట్టినవే. ఈనాడు ఆ దేశంలో తయారయ్యే ఇలాంటి వాహనాల్లో అత్యధిక భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పట్నం చుట్టుపక్కలనుంచే వస్తున్నాయి.

చాలామంది వీటిని సెలవుల్లో షికార్లకు వాడతారు. కాని ఇల్లు కొనే స్తోమతు లేక, అద్దె కట్టుకోలేక, పాత ట్రెయిలర్లోనే కాపురముండేవాళ్ళు కూడా అక్కడ ఉన్నారు. షికారుకు పోయేవాడికి కప్పు కారితే సెలవులు పాడవుతాయి. అందులోనే కాపురముండేవాడికి కప్పు కారితే ఇల్లే పోతుంది.

ఇలాంటి ట్రెయిలరు కప్పు ఎలా ఉంటుందో చూద్దాం. కింద చెక్క దూలాలు. వాటిమీద పల్చటి ప్లైవుడ్ లాంటి పలక. దానిమీద జిగురుతో అంటించిన రబ్బరు షీటు. ఆ షీటు మందం దాదాపు ఒక మిల్లీమీటరు మాత్రమే! పూర్వం ట్రెయిలర్లకు రేకు కప్పులే ఎక్కువ. 1980ల నుంచి రబ్బరు కప్పు బాగా వాడకంలోకి వచ్చింది. ఒకే ముక్క రబ్బరుతో ఈ కొసనుంచి ఆ కొసదాకా కప్పేయవచ్చు గనక మధ్యలో అతుకులుండవు. ఎంత మంచి ఆలోచన! కాని ఆ ముక్కను పరిచిన తరవాత ఏం చేస్తారో తెలుసా? గాలి మరకు ఒక చిల్లు, మరుగుదొడ్డి గొట్టానికి ఒక చిల్లు, స్నానాల గదిమీద వెలుతురు కిటికీకి ఒక చిల్లు, ఏసీ యంత్రానికి 36 సెంటీమీటర్ల చదరపు చిల్లు కోస్తారు. అంచుల పొడుగునా అల్యూమినియం పట్టీ పెట్టి స్క్రూలు బిగిస్తారు. అతుకు లేని కప్పుకు అన్ని అతుకులు వస్తాయి!

రబ్బరంటే ఏ రబ్బరు?

"రబ్బరు ఎండకు పాడవుతుంది కదా, దాన్ని కప్పుమీద వేయటమేమిటి?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. పాత రబ్బరు బ్యాండును లాగితే పుటుక్కున తెగటం మీరు చూసే ఉంటారు.

చెట్టుపాలనుంచి వచ్చే రబ్బరు ఐరోపావాళ్ళకు మొదట్లో ఒక వింత వస్తువు. 1770లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ దానితో పెన్సిలు గీతలు చెరిపేయవచ్చునని రాశాడు. 1823లో స్కాట్లండులో చార్లెస్ మకింటోష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పొర పెట్టి వానకు తడవని బట్ట తయారుచేశాడు. అది చలికి బిర్రబిగిసిపోయేది, వేడికి జిగటగా మారేది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే ఈ రెండు అవలక్షణాలూ పోతాయని కనిపెట్టాడు. రబ్బరు అణువులు పొడుగాటి దారాల్లాంటివి. గంధకం వాటిని అక్కడక్కడ ముడివేస్తుంది.

అయినా ఒక బలహీనత మిగిలిపోయింది. చెట్టు రబ్బరు అణువుల గొలుసు పొడుగునా, ప్రతి లింకులోనూ కార్బన్ పరమాణువుల మధ్య ఒక ద్విబంధం ఉంటుంది. గాలిలో కొద్దిపాటి ఓజోన్ ఎప్పుడూ ఉంటుంది. ఆ ఓజోన్ సరిగ్గా ఈ ద్విబంధం దగ్గరే పట్టుకుంటుంది. గొలుసు తెగుతుంది. లాగి ఉంచిన రబ్బరుమీద అడ్డంగా సన్నటి పగుళ్ళు వచ్చేది అందుకే.

ట్రెయిలరు కప్పుమీద వేసేది చెట్టు రబ్బరు కాదు. దాని పేరు ఈపీడీఎమ్. ఎథిలీన్, ప్రొపిలీన్ అనే రెండు వాయువుల్ని గొలుసుగా గుచ్చి, డయీన్ అనే పదార్థాన్ని కాస్త కలిపి దీన్ని తయారుచేస్తారు. ఇందులో ప్రధానమైన గొలుసులో ద్విబంధాలే ఉండవు. ముడులు వేయటానికి కావలసిన కొద్ది ద్విబంధాలూ గొలుసుకు పక్కగా, కొమ్మల్లాగా ఉంటాయి. కొమ్మ తెగినా చెట్టు పడిపోదు కదా! అందుకే ఈ రబ్బరు ఎండకూ, వానకూ, ఓజోన్‌కూ ఏళ్ళ తరబడి తట్టుకుంటుంది. ఇలాంటి అణువుల్ని గుచ్చటానికి వీలు కల్పించిన ఉత్ప్రేరకాలను కనిపెట్టినందుకే కార్ల్ సీగ్లర్, జూలియో నట్టాలకు 1963లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఈపీడీఎమ్ మీకు తెలియని వస్తువేమీ కాదు. కారు తలుపుల చుట్టూ ఉండే నల్లటి రబ్బరు పట్టీ సాధారణంగా దీనితో చేసినదే.

కాబట్టి షీటు చాలా గట్టిది. దానికీ వయసు వస్తుంది, నిజమే. పైనున్న తెల్లటి పొర ఎండకు కొంచెం కొంచెంగా సుద్దపొడిలా రాలుతుంది. వాన పడ్డప్పుడు గోడల మీదుగా తెల్లటి చారలు దిగుతాయి. చూసినవాళ్ళు కప్పు కరిగిపోతోందని కంగారుపడతారు. కాని ఆ పొడి రాలటానికి ఏళ్ళు పడుతుంది. ఇరవై ఏళ్ళ ట్రెయిలరు కారుతోందంటే నేరం షీటుమీద మోపే ముందు అతుకుల్ని విచారించాలి.

నీరు దారి వెతుక్కుంటుంది

అతుకులే ముందు ఎందుకు చెడతాయి? లెక్క వేసి చూద్దాం.

కప్పు అంచున ఆరు మీటర్ల అల్యూమినియం పట్టీ ఉందనుకోండి. తెల్లవారుజామున దాని ఉష్ణోగ్రత 10 డిగ్రీలు, మధ్యాహ్నం ఎండలో 50 డిగ్రీలు అనుకోండి. తేడా 40 డిగ్రీలు. ఒక మీటరు అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కితే 0.023 మిల్లీమీటరు సాగుతుంది. ఆరు మీటర్లకు, నలభై డిగ్రీలకు ఎంతయింది? సుమారు ఐదున్నర మిల్లీమీటర్లు. దాని కింద ఉన్న చెక్క దూలం మాత్రం పొడుగునా దాదాపు ఒక్క మిల్లీమీటరే సాగుతుంది. రెంటినీ స్క్రూలతో బిగించి కదలొద్దంటే ఊరుకుంటాయా? ఆ పెనుగులాట అంతా స్క్రూలమీదా, వాటి చుట్టూ పూసిన సీలెంటుమీదా పడుతుంది. సీలెంటు అంటే అతుకు సందుల్ని మూసే మెత్తటి పదార్థం. ఈ లాగుడు రోజుకొకసారి, ఏడాదికి మూడు వందల అరవై అయిదుసార్లు. ఇరవై ఏళ్ళకు ఎన్నిసార్లో మీరే గుణించుకోండి. దీనికి తోడు రోడ్డుమీద పోయేటప్పుడు ట్రెయిలరు మొత్తం అటూ ఇటూ ఊగుతుంది. ఒక చోట కదలకుండా ఉండే ఇంటికి ఈ బాధ లేదు.

సీలెంటు కొత్తలో మెత్తగా ఉంటుంది. పొడుగాటి అణువులు ఒకదానిమీద ఒకటి జారటానికి వీలుగా అందులో చిన్న అణువుల ద్రవాలు కలుపుతారు. ఏళ్ళు గడిచేకొద్దీ అవి మెల్లగా ఇగిరిపోతాయి. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు గొలుసుల్ని దెబ్బతీస్తాయి. సీలెంటు బిగుసుకుపోతుంది. సాగమంటే సాగదు, పగులుతుంది. లేదా అంచు దగ్గర వెంట్రుకవాసి లేస్తుంది.

వెంట్రుకవాసి సందులోంచి ఏపాటి నీరు పోతుందిలే అనుకోకండి. సన్నటి సందు ఉంటే నీరు దానంతట అదే లోపలికి పాకుతుంది. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టే, సన్నటి సందు నీటిని లాక్కుంటుంది. కేశనాళికీయత అని మీరు చదువుకున్నది ఇదే. పైగా కప్పుమీద పడే నీరు తక్కువేమీ కాదు. ఒక చదరపు మీటరుమీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. ట్రెయిలరు కప్పు ఆరు మీటర్ల పొడుగు, రెండు మీటర్ల నలభై సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే 25 మిల్లీమీటర్ల వానకు 360 లీటర్లు! అందులో వెయ్యోవంతు లోపలికి దిగినా మూడోవంతు లీటరు పైనే. చలికాలంలో ఇంకో ముప్పు. సందులోని నీరు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. సందును ఇంకా తెరుస్తుంది. రేపటి నీటికి ఈనాటి నీరే దారి వేస్తుందన్నమాట.

లోపలికి దిగిన నీరు తిన్నగా కిందికి కారితే బాగుండును. కారదు. దూలం వెంబడి పోయి, ఎక్కడో మూల తేలుతుంది. మంచం పైన మరక కనిపిస్తుంది, చిల్లు మాత్రం రెండు మీటర్ల అవతల గొట్టం మొదట్లో ఉంటుంది. ఈలోపు చెక్క తడిసి ఉంటుంది. చెక్కలో తేమ ఇరవై శాతం లోపు ఉంటే దాన్ని కుళ్ళబెట్టే బూజులు పెరగలేవు. అది దాటి, తడి అలాగే నిలిస్తే, అవి చెక్కనే తిండిగా చేసుకుంటాయి. మరక కనిపించేసరికి అవి తినటం మొదలుపెట్టి చాలాకాలమై ఉండవచ్చు.

పంచరు షాపులో పాఠం

ఇప్పుడు అతుకుల్ని మళ్ళీ వేయటం ఎలాగో చూద్దాం. ఇందుకు ముందు మీ వీధిలోని పంచరు షాపు దగ్గరికి వెళ్ళాలి. అక్కడ జరిగేది మీరు చాలాసార్లు చూశారు, కాని బహుశా శాస్త్రంగా చూడలేదు.

సైకిలు షాపు అతను ముందు ఏం చేస్తాడు? ట్యూబులో గాలి కొట్టి నీళ్ళ తొట్టిలో ముంచుతాడు. బుడగలు వచ్చిన చోట చిల్లు. అమెరికాలో ట్రెయిలరు బాగుచేసేవాళ్ళు కొందరు అచ్చంగా ఇదే చేస్తారు. ట్రెయిలరును తొట్టిలో ముంచలేరు గనక, ఒక ఫ్యానుతో లోపలికి కాస్త గాలి ఎక్కించి, బయట అతుకులమీద సబ్బు నీళ్ళు చల్లుతారు. బుడగలు లేచిన చోట దొంగ దొరికినట్టే. వాన పడనక్కరలేదు, ఊహించనక్కరలేదు.

తరవాత సైకిలు షాపు అతను ట్యూబును గరుకు కాగితంతో రుద్దుతాడు, దుమ్ము తుడుస్తాడు. ట్రెయిలరు కప్పుకూ ఇదే మొదటి పని. మెత్తటి సబ్బు నీళ్ళతో సుద్దపొడినీ, మురికినీ కడగాలి. ఊడిపోతున్న పాత సీలెంటును ప్లాస్టిక్ బద్దతో లేపాలి. ఇనుప బద్ద వాడితే ఒక మిల్లీమీటరు షీటు కోసుకుపోతుంది. గట్టిగా అంటుకుని ఉన్న పాత సీలెంటును పీకకూడదు. దాన్ని పీకబోతే షీటే చిరుగుతుంది. కొత్త సీలెంటు అదే రకానిదైతే శుభ్రం చేసి దానిమీదే వేయవచ్చు. కడిగింది పూర్తిగా ఆరాలి. ఎందుకింత శుభ్రం? అంటుకోవటమంటే అణువుకు అణువు అందుబాటులోకి రావటం. మధ్యలో పొడి ఉంటే సీలెంటు పొడికి అంటుకుంటుంది, కప్పుకు కాదు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. మురికి వదలటానికి పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో తుడుద్దామనుకుంటారు. ఒకే జాతి పదార్థాలు ఒకదానిలో ఒకటి కలుస్తాయని మీకు తెలుసు. ఈపీడీఎమ్ హైడ్రోకార్బన్ల రబ్బరు. పెట్రోలు కూడా హైడ్రోకార్బనే. రబ్బరు దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది, అడుగు జిగురు వదిలి బొబ్బలు లేస్తాయి. తారుతో చేసిన పూతలూ అందుకే పనికిరావు. ఇక సిలికోన్ సీలెంటు అన్ని చోట్లా బాగుంటుంది గదా అని పూస్తారు. ఈ రబ్బరుకు అది సరిగా అంటదు. కొన్నాళ్ళకు తొక్కలా ఊడుతుంది. దాని జాడలు మిగిలిన చోట తరవాత వేసే మంచి సీలెంటు కూడా పట్టుకోదు. కాబట్టి "గట్టి మందు" కాదు ముఖ్యం, తగిన మందు ముఖ్యం.

గాలిమర చట్రం లాంటివి విప్పి బిగించేటప్పుడు వాటి కింద బ్యూటైల్ రబ్బరు పట్టీ వేస్తారు. 1937లో అమెరికాలో విలియం స్పార్క్స్, రాబర్ట్ థామస్ అనే రసాయనవేత్తలు కనిపెట్టిన రబ్బరు ఇది. దీనిలోంచి గాలి చాలా తక్కువగా పోతుంది. అందుకే చక్రాల ట్యూబులకు దీన్ని విరివిగా వాడారు. ఎన్నేళ్ళయినా జిగట పోనిది గనక రెండు పలకల మధ్య ఒదిగిపోయి, అవి కదిలితే తానూ కదులుతుంది. పైన, స్క్రూ తలలమీదా చట్రం అంచులమీదా సీలెంటు పూస్తారు. చదునైన చోట దానంతట అదే పరుచుకునే రకం వాడాలి. నిలువుగా ఉన్నచోట జారిపోని రకం వాడాలి. ఇవి తారుమారైతే ఒకచోట గుట్టలు పడతాయి, ఇంకోచోట నేలకు కారిపోతుంది. పైన కొన్ని గంటల్లోనే పొర కట్టినా లోపల పూర్తిగా గట్టిపడటానికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. సైకిలు షాపు అతను సొల్యూషను పూసి, వెంటనే ముక్క అంటించకుండా, కాసేపు ఆరనిస్తాడు చూశారా? ఓపిక కూడా ఆ పనిలో ఒక పదార్థమే.

ఒక హెచ్చరిక. ట్రెయిలరు కప్పయినా, మన ఇంటి కప్పయినా, ఎక్కటం పెద్దల పని. తడిసిన రబ్బరు కప్పు మహా జారుడు.

"ఇదంతా ఎందుకండీ?" అనేవాళ్ళకు

ఈ మాటలన్నీ విని కొందరు మూడు అభ్యంతరాలు చెబుతారు. మొదటిది: "ఒక్కొక్క అతుకూ వెతకటమెందుకు? కప్పంతటికీ దట్టంగా ఒక పూత పూస్తే పోలా?" అలాంటి పూతలున్నాయి. సుద్ద రాలిపోయి పల్చబడ్డ షీటుకు అవి నిజంగా మేలు చేస్తాయి. కాని వదిలిన అతుకుమీద పూత పూస్తే ఏమవుతుంది? కింద పట్టీ రోజూ కదులుతూనే ఉంటుంది. పూత అక్కడే పగులుతుంది. అంతకంటె ప్రమాదం ఇంకొకటుంది. లోపల చెక్క అప్పటికే తడిసి ఉంటే, ఆ తడిని మనమే లోపల పెట్టి మూసినట్టవుతుంది. పైకి కప్పు తెల్లగా మెరుస్తుంది, లోపల కుళ్ళు సాగుతుంది. కుళ్ళిన చెక్కను విప్పి మార్చాల్సిందే. దాన్ని కప్పిపెట్టటాన్ని మరమ్మతు అనటానికి నేను ఒప్పుకోను.

ఇంకో మెలిక కూడా ఉంది. కప్పు కింద కనిపించిన తడి అంతా వాన నీరు కాదు. చలి రాత్రి తలుపులన్నీ మూసుకుని పడుకుంటే మన ఊపిరిలోని ఆవిరి చల్లటి కప్పుకు తగిలి నీటి బొట్లుగా మారుతుంది. దానికి మందు సీలెంటు కాదు, గాలిమర కాస్త తెరవటం. జబ్బేదో తెలియకుండా మందు వేయకూడదన్నది ఇక్కడా వర్తిస్తుంది.

రెండో అభ్యంతరం: "పాతది పారేసి కొత్తది కొంటే గొడవ వదులుతుంది." కొనగలవాళ్ళు కొనుక్కోవచ్చు. కాని కొత్త ట్రెయిలరుకు మాత్రం చిల్లులు లేవా? అదే గాలిమర, అదే గొట్టం, అవే స్క్రూలు. అతుకుల గడియారం ఫ్యాక్టరీ గేటు దాటిన రోజునుంచే నడవటం మొదలుపెడుతుంది. పాతదాన్ని చూసుకోవటం రానివాడు కొత్తదాన్ని త్వరగా పాతది చేస్తాడు, అంతే. ఏడాదికి రెండు మూడుసార్లు కప్పు ఎక్కి అతుకులు చూసేవాడి పాత ట్రెయిలరు, ఎన్నడూ చూడనివాడి కొత్త ట్రెయిలరు కంటె నమ్మదగింది. పారేసినదాంట్లో చెక్క ఉంది, అల్యూమినియం ఉంది, గాజు ఉంది, వాటిని తయారుచేయటానికి తగలేసిన బొగ్గూ చమురూ ఉన్నాయి. ఒక సీలెంటు గొట్టం ఖర్చుకు వెనకాడి ఇవన్నీ చెత్తకుప్పలో వేయటం పొదుపెలా అవుతుంది?

మూడో అభ్యంతరం అన్నిటికంటె ముఖ్యమైంది. పైకి ఎవరూ అనరు గాని చాలామంది మనసులో ఉంటుంది. "ఇది పనివాళ్ళ పని. సైన్సు వేరు." మన పుస్తకాలు కూడా తెలియకుండానే ఇలాంటి భావాన్ని కలిగిస్తాయి. రబ్బరును బాగుచేసిన గుడ్‌ఇయర్ పేరు వాటిలో ఉంటుంది. రబ్బరు ఎలా ముసలిదవుతుందో, ముసలిదైన రబ్బరును ఎలా గుర్తుపట్టాలో అంతగా ఉండదు. అయితే ఒక్క ప్రశ్న. ఉష్ణ వ్యాకోచం, కేశనాళికీయత, ద్విబంధాలు, ద్రావణీయత, బూజులు - ఇన్ని పాఠాలు ఒక్క గొట్టం మొదట్లో కలుసుకుంటుంటే, అది సైన్సు కాకపోతే ఏది సైన్సు?

ఒక అతుకు వదిలితే

అతుకును చిన్నచూపు చూస్తే ఏమవుతుందో 1986 జనవరి 28న ప్రపంచమంతా చూసింది. ఆ రోజు చాలెంజర్ అనే అంతరిక్ష నౌక లేచిన 73 సెకన్లకే ముక్కలైపోయింది. అందులోని ఏడుగురూ మరణించారు. కారణం ఇంజను కాదు, కంప్యూటరు కాదు. రాకెట్టు భాగాలు కలిసే అతుకులో ఉన్న రబ్బరు వలయం. ఆ ఉదయం బాగా చలి. చలికి రబ్బరు బిగుసుకుని, అతుకు కదిలినప్పుడు వెంటనే సాగి సందును మూయలేకపోయింది. వేడి వాయువులు అందులోంచి బయటికి తన్నాయి. చలిలో ఆ వలయాలు పనిచేయకపోవచ్చునని కొందరు ఇంజినీర్లు ముందురోజు రాత్రే హెచ్చరించారు. వారి మాట చెల్లలేదు. తరవాత విచారణ సంఘంలో సభ్యుడైన భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ అలాంటి రబ్బరు ముక్కను బిగించి, మంచు నీళ్ళ గ్లాసులో ముంచి, తీసి చూపించాడు. బిగింపు వదిలినా ముక్క వెంటనే మామూలు ఆకారానికి రాలేదు. అందరికీ అర్థం కావటానికి ఆ గ్లాసుడు నీళ్ళు చాలాయి.

ట్రెయిలరు కప్పుకూ రాకెట్టుకూ పోలికేమిటంటారా? రెంటిలోనూ గట్టి భాగాలను గట్టిగా చేయటం మనిషికి బాగా తెలుసు. రెంటిలోనూ ప్రాణం రెండు భాగాలు కలిసే చోట, కదలికను ఓర్చుకునే మెత్తటి పదార్థంలో ఉంది. ఆ పదార్థం ఎప్పుడు బిగుసుకుపోతుందో కనిపెట్టి ఉండేవాడు లేకపోతే ఎంత గొప్ప నిర్మాణమైనా ఒక్క వానకో, ఒక్క చలికో లోబడుతుంది.

మీరు చేయగలిగింది

వచ్చే సైన్సు ప్రదర్శనకు రాకెట్టు నమూనాతో పాటు ఇది కూడా పెట్టి చూడండి. మూడు మామూలు రబ్బరు బ్యాండ్లు తీసుకోండి. ఒకదాన్ని చెక్క ముక్కమీద రెండు మేకుల మధ్య బాగా లాగి, ఎండా గాలీ తగిలే కిటికీ దగ్గర ఉంచండి. రెండోదాన్ని లాగకుండా దాని పక్కనే ఉంచండి. మూడోదాన్ని లాగి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో, బీరువాలో పెట్టండి. కారు మెకానిక్కును అడిగితే తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ముక్క ఒకటి ఇస్తాడు. దాన్నీ వంచి కట్టి కిటికీ దగ్గర పెట్టండి. వారానికొకసారి భూతద్దంతో చూసి, ఏ తేదీన ఏది పగిలిందో, పగుళ్ళు ఏ దిశలో వచ్చాయో రాసుకోండి. ఒక నెలో రెండు నెలలో పట్టవచ్చు. ఏది ముందు పగులుతుందో నేను చెప్పను. ఎందుకు పగులుతుందో మాత్రం ఇప్పటికే మీకు తెలుసు.

రెండో పని ఇంకా తేలిక. మీ ఇంట్లో అతుకుల జాబితా ఒకటి రాయండి. కుక్కరు గ్యాస్కెట్, పంపులోని వాషరు, గ్యాసు పొయ్యి రబ్బరు గొట్టం, సైకిలు ట్యూబు, డాబా మీద గొట్టం దిగే చోటు. ప్రతిదాని పక్కనా ఎప్పుడు వేశారో, ఇప్పుడెలా ఉందో పెద్దల్ని అడిగి రాయండి. తేదీలు చెప్పలేని అతుకులే ఎక్కువ ఉంటాయని నా అనుమానం. గ్యాసు గొట్టంమీద పగుళ్ళు కనిపిస్తే మాత్రం ప్రయోగాలు చేయకుండా వెంటనే ఇంట్లోవాళ్ళకు చెప్పండి. అక్కడ కారేది నీరు కాదు.

కొత్తవి కనిపెట్టేవాళ్ళను గౌరవించటం మనకు అలవాటే. ఉన్నదాన్ని నిలబెట్టేవాళ్ళను కూడా అదే కంటితో చూడాలని నేనంటాను. ఈసారి పంచరు వేయించుకునేటప్పుడు పక్కన నిలబడి ఊరికే చూడకండి. ట్యూబును ఎందుకు రుద్దుతాడో, ఎంతసేపు ఆరబెడతాడో, ఆ తొందరలేనితనం ఎందుకో అడగండి. ఆయన చెప్పే జవాబును మీ పుస్తకంలోని పాఠంతో సరిచూసుకోండి. రెండూ ఒకటేనని తేలిన రోజున మీకు పాఠమూ గట్టిగా వస్తుంది, ఆయనమీద గౌరవమూ పెరుగుతుంది.